నిప్పును మోయు కొయ్య

కొయ్యకు నిప్పు శత్రువు. ఇది పొయ్యి ముందు కూర్చున్న వారందరకును తెలిసిన మాటయే. అట్టి కొయ్యనే గిన్నెగా తొలిచి, అందు నిప్పు రాజవేసి, దానిని చేత పట్టుకొని నింపాదిగా పొగ పీల్చుటకు వీలైన సాధనమును నిర్మించిన పనివారి చరిత్రను శ్రోతలకు నేడు వినిపింపదలచినాము. పొగత్రాగుట మేలని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆ సంగతి తరువాత వచ్చును. పైపుతో, అనగా మన పాత నిఘంటువుల చుంగాణితో, తెలుగువారికి పరిచయము తక్కువ. మన చుట్టకు పాత్రతో పని లేదు. ఆకే పాత్ర, ఆకే సరుకు. విశాఖ, శ్రీకాకుళ తీరములందు అడ్డపొగ త్రాగు స్త్రీలు నిప్పున్న కొసనే నోటిలో ఉంచుకొందురు. ఐరోపావారు మాత్రము ఆ నిప్పును నోటికి జానెడు దూరమున నిలుపుటకు సుమారు మూడు వందల యేండ్లు తంటాలు పడిరి.

పొగాకు అమెరికా నుండి 16వ శతాబ్దిలో ఐరోపాకు చేరెను. ఇంగ్లండులోను, హాలెండులోను తెల్లని మట్టితో సన్నని పైపులు చేసి ఆవములో కాల్చెడివారు. అవి చౌక; కాని చేయి జారినచో ముక్కలే. పైగా త్వరగా వేడెక్కి వ్రేళ్లను చురుక్కుమనిపించును. పిమ్మట తుర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతమున త్రవ్వి తీసిన మెత్తని తెల్లరాయి వియన్నా శిల్పుల చేతికి వచ్చెను. జర్మనులు దానికి ‘సముద్రపు నురుగు’ అని పేరు పెట్టిరి. అది తేలిక, అందము. కాని ధనవంతుల సరుకు, పగులుటయందు మట్టికి తోబుట్టువు. కొయ్యతోను ప్రయత్నములు జరుగకపోలేదు. జర్మనీలోని ఉల్మ్ పట్టణమున చెట్ల బుడిపెలతో చేసిన పైపులకు 18వ శతాబ్దిలోనే పేరుండెను. అయినను సామాన్యపు కొయ్య కొన్నాళ్లకు లోపలి నుండి మాడిపోయెడిది.

ఫ్రాన్సు దేశపు తూర్పున జ్యురా కొండల నడుమ సేంక్లోద్ అను చిన్న పట్టణము కలదు. అచటి మఠములో నున్న మహాత్ముని భౌతికశేషములను దర్శించుటకు శతాబ్దముల తరబడి యాత్రికులు వచ్చెడివారు. వారికి అమ్ముటకై ఊరివారు గట్టి కొయ్యతో జపమాలల పూసలను, చిన్న బొమ్మలను తరిమెన పట్టెడివారు. మన వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పి, ఆ రాపిడి వేడికే లక్క కరిగించి పూయు పనివారిని చూచినవారికి వీరి చేతులు పరాయివిగా తోచవు. ఫ్రెంచి విప్లవ కాలమున, 1794లో, ఆ భౌతికశేషములు దగ్ధమయ్యెను. 1799లో అగ్నిప్రమాదమున పట్టణమే చాలవరకు బూడిద యయ్యెను. కొలువైన దైవము లేదు, కొనెడి యాత్రికుడు లేడు. చేతిలో పనియున్న వారు ఏమి చేయుదురు? నస్యపు డబ్బాలు చేసిరి, పైపుల గొట్టములు చేసిరి. 19వ శతాబ్ది నడుమ వారికి బ్రూయేర్ గడ్డ దొరికెను.

ఇది మధ్యధరా తీరపు మెట్టలపై, కోర్సికా, కలాబ్రియా, అల్జీరియా ప్రాంతములలో పెరుగు పొదజాతి. కాండమునకు వేరునకు నడుమ, నేలలో, దానికొక గట్టి గడ్డ ఊరును. కార్చిచ్చులో పైమొక్క కాలిపోయినను ఆ గడ్డ నుండి మరల చిగుళ్లు వచ్చును. నెపోలియన్ జన్మస్థానము చూడ కోర్సికాకు పోయిన యొక భక్తుని రాతిపైపు విరుగగా, ఒక గొల్లవాడు ఈ గడ్డతో మరియొకటి చేసి యిచ్చెనని కథ చెప్పుదురు. కథ ముచ్చటగా నున్నది. నమ్మవలసిన పని లేదు.

గడ్డ చేతికి వచ్చినంత మాత్రమున పైపు కాదు. పనికివచ్చు పరిమాణమునకు అది పెరుగుటకే దశాబ్దములు పట్టును. త్రవ్విన పిదప ఎండ తగిలిన పగులును గనుక తడిపి, కప్పి ఉంచుదురు. రంపపు మిల్లులో చిన్న దిమ్మెలుగా కోసి, రాగి కాగులలో సుమారు పండ్రెండు గంటలు ఉడికింతురు. లోపలి చేదురసము దిగిపోయిననే గాని పొగకు రుచి రాదు. ఆపై నీడలో నెలల కొలది, మంచి సరుకైనచో ఏండ్ల కొలది, ఆరవలెను. ఇంత చేసినను దిమ్మెలో ఏ ఇసుకరేణువో, ఏ సన్నని చీలికయో దాగియుండి, తొలిచిన తరువాత బయటపడును. అంతవరకు చేసిన పని చెత్తబుట్ట పాలు.

తొలుచుటయందే పనివాని నేర్పు తెలియును. పొగాకు గిన్నె పైనుండి, గాలి రంధ్రము ప్రక్కనుండి వచ్చి, సరిగా గిన్నె అడుగున కలియవలెను. రంధ్రము పైకి కలిసినచో అడుగు పొగాకు కాలక తడిసి ముద్దయగును. ప్రక్కకు ఒరిగినచో గోడ పలుచనై అచట మాడును. ఈ కొయ్య కాలదని కొందరనుకొందురు, అది పొరపాటు. దాని దిట్టదనము వలన వేడి మెల్లగా ప్రాకును, అంతే. కొన్నాళ్ల వాడుకతో లోపల నాణెమంత మందమున బొగ్గుపొర కట్టును. ఆపై కొయ్యను కాపాడునది ఆ పొరయే.

పిమ్మటి మార్పులు వేగముగా వచ్చినవి. కొమ్ముతోను, అంబరుతోను చేసిన నోటిముక్కల స్థానమున గట్టి రబ్బరు వచ్చెను. 1890లో డబ్లిన్ నగరపు పీటర్సన్, ఊరిన తడిని గొట్టము మొదట ఒక గుంటలో పట్టి నిలుపు ఏర్పాటునకు పేటెంటు పొందెను. రెండవ ప్రపంచ యుద్ధములో మధ్యధరా సరుకు రాక ఆగిపోగా, అమెరికనులు తమ కొండపొదల గడ్డలనే ఆశ్రయించిరి. యుద్ధానంతరము కోపెన్‌హాగెన్‌లో సిక్‌స్టెన్ ఇవార్సన్, అచ్చు ఆకారములను విడిచి, కొయ్యలోని చారల పోకడను బట్టి రూపము తీర్చెను. మరమ్మతుల పనితో ఆరంభించిన ఈ స్వీడను దేశీయుని అడుగుజాడలలో డెన్మార్కున ఒక సంప్రదాయమే ఏర్పడెను. ఈ వృత్తికి ఆయన చేసినంత మేలు పెద్ద కర్మాగారములు చేయలేదని మా అభిప్రాయము.

కాని ఇంత నేర్పును ఏ పనికి వినియోగించిరి? 1950లో డోల్, హిల్ అను బ్రిటిషు పరిశోధకులు ధూమపానమునకు ఊపిరితిత్తుల క్యాన్సరునకు గల సంబంధమును ప్రకటించిరి. పైపు పొగ పెదవికి, నోటికి చేయు కీడును, మన అడ్డపొగ అంగిటికి చేయు కీడును వైద్యులు గుర్తించిరి. క్రమముగా పైపు వాడుక సన్నగిల్లెను. ఒకప్పుడు ఊరంతయు ఈ పనిపై బ్రతికిన సేంక్లోద్‌లో నేడు మిగిలిన కార్ఖానాలు స్వల్పము. పైపులకును, ఆ ఊరి మరియొక వృత్తియైన వజ్రపు సానపనికిని కలిపి అచట ఒక ప్రదర్శనశాల ఉన్నది.

ఇటీవల ఆకును కాల్చక, వేడిచేసి ఆవిరిని మాత్రము పీల్పించు సాధనములు వచ్చినవి. ఇవియు నిరపాయములని వైద్యులు అనుట లేదు. వేడి పుట్టునది లోపలి లోహములోనో గాజులోనో. కాని చేతికి తగులు పైభాగమును కొందరు పనివారు ఇప్పటికిని కొయ్యతోనే, చేతితోనే చేయుచున్నారు. అచటను వేడిని చేతికి తగులనీయకుండుటకే కొయ్య కావలసివచ్చినది. అచటను ముందుగా చూచుకొనవలసినది గాలి రంధ్రము ఎచట కలియునన్నదే.