మార్కాపురపు పలకరాయి – వాకిటి బాట

పలక యనగానే తెలుగువారికి ఓనమాలు జ్ఞప్తికి వచ్చును. ఆ వెంటనే జ్ఞప్తికి రావలసిన ఊరు మార్కాపురము. ఎన్నో తరముల బాలబాలికలు ఈ సీమ రాతిమీదనే అక్షరములు దిద్దిరి. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ యేట ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము అను పేరు వచ్చినది. నేడు ఆ పలకరాయి పిల్లల చేతినుండి దిగి ఇండ్ల వాకిండ్లలో పరువబడుచున్నది. తక్కువ వ్యయముతో ఇంటి ముంగిట బండిబాట వేయదలచువారికి దీని చరిత్ర ఉపయోగించును.

భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ పలకరాళ్ళను కంభము పేరిటనే వర్ణించెను. నూరు కోట్ల యేండ్లకు పూర్వము నీటి యడుగున పేరుకొన్న సన్నని బురద, భూమి యొత్తిడికి గట్టిపడి, రేకులు రేకులుగా విడివడు గుణమును పొందినది. ఉలి నానించి సుత్తితో తట్టినచో దిమ్మ పొరలుగా విచ్చును. పలకల పరిశ్రమకు ఆధారము ఈ గుణమే.

నోటుపుస్తకములు, రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన పిమ్మట రాతి పలకకు గిరాకి తగ్గినది. గనులవారు గోడలకు అతికించు బిళ్ళలు, నేలకు పరచు పలకలు చేయసాగిరి. నలుపు, బూడిద, ఆకుపచ్చ, త్రుప్పు వన్నెలు గల ఈ రాయి విదేశములకును పోయినది.

కాని బడిపలకకు మేలైన గుణమే బాటకు కీడు కావచ్చును. గోడకు చాలిన పలుచని బిళ్ళ బండిచక్రము క్రింద పగులును. రాయి క్రింద బోలుతన మున్నచో మందపు పలకయు నిలువదు. బరువు మోయునది పైరాయి కాదు, అడుగు నేల. 1816లో బ్రిస్టలు రోడ్ల అధికారియైన మెకాడం ఈ సూత్రమునే నమ్మి పనిచేసెను. నేలను పొడిగా నుంచి, నీటిని బయటికి పంపి, పైన చిన్న కంకర గట్టిగా కూరినచో బాట నిలుచునని యాతని మతము.

కావున మనము బాటంతయు రాయి పరువ నక్కరలేదు. చక్రములు పోవు చోట రెండు పట్టీలు వేసి, నడుమ గ్రావెలు పోసినచో రాతి ఖర్చు చాలవరకు తగ్గును. పట్టీల చోట సుమారు 11 అంగుళముల లోతున త్రవ్వి, నల్లరేగడి యున్నచో తీసివేయవలెను. అది తడికి ఉబ్బి, ఎండకు బీటలువారి, పైరాతిని కదల్చును. నేలను తడిపి దిమ్మిస చేసి, 4 అంగుళముల కంకర, దానిపై 4 అంగుళముల సిమెంటు కాంక్రీటు, ఆపై అంగుళపు గచ్చు వేసి, అంగుళమున్నర మందపు పలకలను బోలు లేకుండ అతికింపవలెను. గజమునకు అంగుళము చొప్పున వాలు ఇల్లు విడిచి వీధివైపున కుండవలెను. మూడు వారములు బండి నెక్కింపరాదు.

గనులయొద్ద గుట్టలుగా పడియుండు ముక్కరాళ్ళు చవుక. కాని వానిని అడుగు కంకరగా వాడరాదు. చదునైన పెంకులు ఒకదానితో నొకటి పెనవేసికొనక జారును. నడకదారికి, చెట్ల పాదులకు అవి చాలును. నునుపు చేసిన పలక వానకు జారును. విచ్చినది విచ్చినట్లున్న గరుకు ముఖమే బాటకు తగును. బేతంచెర్ల, కడప వైపు నాపరాయి వేరు జాతి, అది సున్నపురాయి. నిమ్మపులుసు, చింతపులుసు దాని మెరుగును తినివేయును. ఏ రాయి యైనను దగ్గరలో దొరకునదే చవుక, బండికూలి తగ్గును గనుక.

చవుకకును ఒక హద్దు గలదు. ఈ రాతిని పొడిగా కోయునప్పు డెగయు ధూళిలో సిలికా యుండును. మధ్యప్రదేశములోని మందసౌరులో బలపములు కోయు పనివారి ఊపిరితిత్తులను ఆ ధూళి ఎట్లు నాశనము చేసినదో వైద్యులు కనుగొనిరి. నీరు చిలుకరించుచు కోసినచో ధూళి చాలవరకు అణగును. రాయి కొనువారు ధర నడుగుటతో పాటు అది తడిపి కోసినదా యని కూడ అడుగవలెనని మా మనవి. ఆ ప్రశ్నకు ఖర్చు లేదు.