ఖరీఫు ఎవరి మాట?

తొలకరికి విత్తు పైరును ఖరీఫనుచున్నాము. అరబ్బీలో ఆ మాటకు శరత్తని అర్థము. రబీ యనగా వసంతము. జ్యేష్ఠాషాఢములలో విత్తుదానికి శరత్తు పేరేల వచ్చినది? మొగలాయి కచేరీ పైరును కోతనుబట్టి గుర్తించినది. శిస్తు వసూలగునది కోతలనాడే గదా! తెలంగాణములో వానకాలపు వరికి ఆబీ, వేసవి వరికి తాబీ అను పేర్లును పారశీకమునుండి వచ్చినవే. ఆబ్ అనగా నీరు, తాబ్ అనగా వేడిమి.

రైతు తనకై పెట్టుకొన్న పేరు వేరు. ఏరువాక! అది కోతను గాక దుక్కిని చెప్పును. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కాడి కట్టుదురు. ఈ మాట మాత్రము ఏ కచేరీ లెక్కకును ఎక్కలేదు.

లెక్కలకెక్కినది ఫసలీ. ఫసలనగా పంట. కోస్తా జిల్లాల పాత అడంగలులో 1360 ఫసలీ యని యున్నచో 590 కలుపుకొనవలెను: 1950 జులై మొదలు 1951 జూను వరకు.