కంది వేరు దగ్గరి నురగ

తొలకరి పడగానే తాండూరు దగ్గరి బషీరాబాద్ చేలల్లో కంది విత్తుతారు. విత్తే ముందు గింజలకు పొడి పట్టించి నీడలో ఆరబెట్టే రైతులున్నారు. ఆ పొడిలో ఒక్కోసారి ట్రైకోడెర్మా శిలీంధ్రం ఉంటుంది, ఒక్కోసారి బాసిల్లస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి ఎండు తెగులు పాత శత్రువు. పచ్చగా ఉన్న చెట్టు పూత దశలో నిలువునా ఎండిపోతుంది. దానికి కారణమైన ఫ్యుజేరియం బూజును 1910 ప్రాంతంలో బట్లర్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. అది మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది.

పొడిలోని బాసిల్లస్ ఈ బూజును ఆపే దారుల్లో ఒకటి మనకు కుంకుడుకాయ ద్వారా తెలిసినదే. కుంకుడు నురగలోని అణువుకు ఒక కొస నీటిని, ఇంకో కొస జిడ్డును పట్టుకుంటుంది. బ్యాక్టీరియా కూడా అలాంటి సబ్బులు తయారుచేసుకుంటుంది. బూజు కణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో అల్లినదే కాబట్టి ఆ సబ్బు తగిలితే పొరకు చిల్లులు పడతాయి.

ఈ సబ్బుల చరిత్ర మొదటి నుంచీ వైద్యంతో ముడిపడి ఉంది. 1949లో జార్విస్, జాన్సన్ సూడోమోనాస్ తయారుచేసే రామ్నోలిపిడ్‌ను పరిశీలించి, అందులో చక్కెర, కొవ్వు ఆమ్లం కలిసి ఉన్నాయని తేల్చారు. మరుసటి ఏడాది కాంగోలోని ఇటూరి మట్టి నుంచి వచ్చిన బాసిల్లస్‌లో బూజును చంపే పదార్థం దొరికింది. దానికి ఇటూరిన్ అని ఆ ప్రాంతం పేరే పెట్టారు. ప్రపంచమంతా మందుల కోసం మట్టిని తవ్వుతున్న కాలం అది. 1948లో మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి వెలువడిన ఆరియోమైసిన్ అనే మందు సబ్బు జాతిది కాకపోయినా, దాని పుట్టిల్లూ మట్టే.

1968లో అరిమా, ఆయన సహచరులు జపాన్‌లో బాసిల్లస్ సబ్టిలిస్ నుంచి సర్ఫాక్టిన్‌ను వేరుచేశారు. రక్తం గడ్డకట్టకుండా అది ఆపుతుందని వాళ్ల తొలి వ్యాసమే చెప్పింది. మీటరుకు 72 మిల్లీన్యూటన్లుండే నీటి తలతన్యతను కొద్దిపాటి సర్ఫాక్టిన్ 27కు దించేస్తుంది. అంత బలమే దాని లోపం కూడా. సూక్ష్మజీవి పొరను చీల్చినట్టే మన ఎర్ర రక్తకణాల పొరనూ చీలుస్తుంది. ఈ రంగం కష్టమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం: శత్రువు పొర ఏది, మన పొర ఏది అని సబ్బుకు నేర్పాలి.

ఇదే జాతికి దగ్గరి చుట్టమైన కొలిస్టిన్ అనే మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టారు. ఇతర మందులు పనిచేయని రోజుల్లో మళ్లీ చేతికి తీసుకున్నారు. దాన్ని కాపాడుకోవడానికే పశువులు, కోళ్ల మేతలో వాడకుండా 2019లో భారత ప్రభుత్వం నిషేధించింది. డాప్టోమైసిన్‌ది ఇంకో కథ. టర్కీలోని అరారత్ కొండ మట్టిలో దొరికింది. కండరాలకు హాని చేస్తుందని దాన్నీ అటకెక్కించారు. తరవాత రోజుకు ఒకే మోతాదుగా ఇస్తే ఆ హాని తగ్గుతుందని తేలి, 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే న్యుమోనియాకు పనికిరాదు. మన ఊపిరితిత్తుల్లో సహజంగా ఉండే సబ్బులాంటి పూత దాన్ని బంధించేస్తుంది.

నాకు ఎక్కువ ఆశ కలిగించింది 2018లో వచ్చిన పరిశోధన. థాయ్‌లాండ్ పల్లెల్లో 200 మందిని పరీక్షిస్తే, పేగుల్లో బాసిల్లస్ ఉన్నవాళ్లలో ఒక్కరిలోనూ స్టాఫిలోకాకస్ ఆరియస్ కనబడలేదు. పుండ్లకు, రక్తం విషమించడానికి కారణమయ్యే క్రిమి అది. బాసిల్లస్ వదిలే ఫెంజైసిన్ అనే సబ్బు ఆ క్రిమిని చంపదు. అవి ఒకదానికొకటి పంపుకునే సంకేతాన్ని అడ్డుకుంటుంది. 2023లో అక్కడే 115 మందితో జరిపిన పరీక్షలో, బాసిల్లస్ సబ్టిలిస్ తీసుకున్నవాళ్ల మలంలో ఆ క్రిమి 96.8 శాతం తగ్గింది. మేలు చేసే తక్కిన బ్యాక్టీరియా పోకుండా ఇది సాధ్యమైంది.

కంది వేరు దగ్గర బూజును అడ్డుకునే పదార్థాల్లో ఫెంజైసిన్ కూడా ఒకటి. అలాగని విత్తనానికి పట్టించే పొడి మనుషుల మందు కాదు. రకం వేరు, శుద్ధి వేరు. కానీ బాసిల్లస్ స్వభావం ఒకటే. వేసవిలో రేగడి నెర్రెలిచ్చినా బీజంగా ముడుచుకుని బతుకుతుంది. కడుపులోని ఆమ్లాన్ని దాటి పేగు చేరేదీ ఆ బీజరూపంలోనే.