1526లో తిమ్మరుసు కళ్ళు

తరతరాలుగా సాగే సైన్స్ ఫిక్షన్ సినిమాల వరస ఒకటి తెలుగులో లేదని నా వయసువాళ్ళలో చాలామందికి చిన్న వెలితి. 1977లో మొదలైన స్టార్ వార్స్‌ని అప్పట్లో చూసినవాళ్ళు తర్వాత పిల్లలతో చూశారు, ఇప్పుడు మనవలతో చూస్తున్నారు. ఏ భాగం ముందు చూపించాలనే దాని మీద ఇళ్ళల్లో వాదనలు జరుగుతాయి. మనకేమో ఆదిత్య 369 ఒక్కటే. దాని తరువాయి ఆదిత్య 999 వస్తుందని ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం.

2025 ఏప్రిల్ 4న ఆ సినిమా కొత్త మెరుగులతో మళ్ళీ థియేటర్లకి వచ్చింది. విజయవాడలో ఇంటిల్లిపాదీ వెళ్ళి చూశాం. అమ్మ, నాన్న, నా భార్య, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి, నేను. టీవీ పుణ్యమా అని ఈ సినిమా నాకు దాదాపు కంఠతా వచ్చు. అయినా ఈసారి చూస్తుంటే, మన వరస మనకి ఉందనిపించింది. దాన్ని కాలయంత్రం చుట్టూ వెతికితే దొరకదు. ఆ యంత్రం ఎక్కడ దిగిందో అక్కడ వెతకాలి.

ముందు సినిమా సంగతి చెప్పుకుందాం. 1991 జులై 18న విడుదలైంది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా, సమర్పణ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ నవల దీనికి ప్రేరణ. ప్రొఫెసర్ రాందాసు (టీనూ ఆనంద్) తయారుచేసిన కాలయంత్రం ఎక్కి కృష్ణకుమార్ (బాలకృష్ణ), హేమ (మోహిని) ముందు 1526లోకి, శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్తారు. ఆ తర్వాత 2504కి.

వెల్స్ కథలో మనిషి భవిష్యత్తులోకే పోతాడు, అదీ ఎనిమిది లక్షల ఏళ్ళ అవతలికి. ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ (1985) కుర్రాడు ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళి, అమ్మానాన్నలు చదువుకునే రోజుల్లో దిగుతాడు. సింగీతం వెనక్కి 465 ఏళ్ళు, ముందుకి 513 ఏళ్ళు తీసుకెళ్ళారు. వెనక్కి వెళ్ళడానికి రాయల కాలమే ఎందుకు? గొప్ప రాజు, వజ్రాలు రాసులు పోసి అమ్మిన రోజులు, తెలుగు కవిత్వం అని కారణాలు చాలా చెప్పొచ్చు. అన్నిటికంటే తేలికైన కారణం ఇంకోటి ఉంది. తెలుగు ప్రేక్షకుడికి ఆ దారి ముందే తెలుసు. అప్పటికే వెళ్ళొచ్చాడు.

ఒకసారి 1956లో. బి.ఎస్. రంగా తీసిన ‘తెనాలి రామకృష్ణ’లో ఎన్.టి. రామారావు రాయలు, అక్కినేని నాగేశ్వరరావు రామకృష్ణుడు, నాగయ్య తిమ్మరుసు. ఇంకోసారి 1962లో. కమలాకర కామేశ్వరరావు తీసిన ‘మహామంత్రి తిమ్మరుసు’లో మళ్ళీ రామారావే రాయలు, తిమ్మరుసుగా గుమ్మడి. ఆ తర్వాత, 1991లో, రాయలు రామారావుగారి అబ్బాయి. రామారావుది నిమ్మకూరు, నాగేశ్వరరావుది గుడివాడ దగ్గర రామాపురం. ఆదిత్య 369లో రామకృష్ణుడి వేషం వేసిన చంద్రమోహన్‌ది పమిడిముక్కల. అంటే తెలుగు తెర మీద విజయనగరం కొలువుకి సగం మంది కృష్ణా జిల్లా నుంచే వెళ్ళారు.

బాలకృష్ణ ఇందులో కృష్ణకుమారూ ఆయనే, రాయలూ ఆయనే. తెలుగు సినిమాకి ద్విపాత్రాభినయం కొత్తేం కాదు. ఇక్కడ మాత్రం దానికి ఇంకో అర్థం వచ్చింది. జీన్సు వేసుకున్న 1991 నాటి కుర్రాడు కిరీటం పెట్టుకున్న తన రూపాన్నే చూస్తాడు. హాల్లో కూచున్నవాళ్ళు ఆ కిరీటం కింద వాళ్ళ నాన్నని చూస్తారు. ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ కుర్రాడు తండ్రి వయసుని కలుసుకోడానికి యంత్రం ఎక్కితే, మనవాడు తండ్రి వేషాన్ని కలుసుకోడానికి ఎక్కాడు.

ఇప్పుడు చరిత్ర దగ్గరికొద్దాం. యంత్రం దిగిన ఏడాది 1526. రాయలు పాలించింది 1509 నుంచి 1529 వరకు కాబట్టి ఆ లెక్క సరిపోయింది. కొలువులో తిమ్మరుసు కూడా ఉంటాడు. జె.వి. సోమయాజులు ఆ పాత్రకి ఎంత నిండుగా ఉంటారో చెప్పక్కర్లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

రాయలు పోయిన కొన్నేళ్ళకి విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ ఒక వృత్తాంతం రాసిపెట్టాడు. రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చు వేసిన విజయనగర చరిత్రలో దాని ఇంగ్లీషు అనువాదం ఉంది. అందులో ఉన్న ప్రకారం, రాయలు ఆరేళ్ళ కొడుక్కి పట్టం కడతాడు. కొన్ని నెలలకే ఆ పిల్లాడు జబ్బు చేసి చనిపోతాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడని రాయలకి అనుమానం. తనని గద్దె ఎక్కించిన మంత్రిని, ఆయన కొడుకులతో సహా చెరలో వేస్తాడు. మూడేళ్ళు గడిచాక కళ్ళు తీయిస్తాడు. పట్టాభిషేకం 1524లో అని చరిత్రకారులు లెక్క కట్టారు. న్యూనిజ్‌ని నమ్మితే 1526లో తిమ్మరుసు కొలువులో ఉండడానికి వీల్లేదు. చెరసాలలో ఉండాలి.

న్యూనిజ్ మాటే వేదం అననక్కర్లేదు. ఆయన బజారులో విన్నవి కూడా రాశాడు. రామకృష్ణుడు రాయల కొలువులో ఉన్నాడా, తర్వాతి తరం వాడా అనే వాదం కూడా సాహిత్య చరిత్రలో పాతదే. ఇవి పట్టుకుని సింగీతాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, హాయిగా నవ్వించే సినిమాని పరీక్ష పేపరులా దిద్దడం శుద్ధ దండగ. నాకు ఆసక్తి కలిగించింది వేరే. తిమ్మరుసు కళ్ళు పోయిన కథని తెలుగువాళ్ళు న్యూనిజ్‌లో చదివి తెలుసుకోలేదు, 1962 సినిమాలో చూసి ఏడ్చారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి కూడా వచ్చిన ఆ సినిమాలో కుట్ర వేరేవాళ్ళది, శిక్ష తిమ్మరుసుది. నిజం రాయలకి ఆలస్యంగా తెలుస్తుంది. తండ్రి రాయలుగా ఉన్నప్పుడు పోయిన ఆ కళ్ళు కొడుకు రాయలుగా ఉన్నప్పుడు భద్రంగా ఉన్నాయి. నేను పనిచేసే చోటైతే దీన్ని మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటారు. ఇద్దరు ఒకే ఫైలుని రెండు రకాలుగా మార్చిపెడితే ఏది ఉంచాలో మనిషి కూచుని తేల్చాలి.

మా ఇంట్లో అది తేల్చాల్సింది నాన్నే. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో టూరింగ్ టాకీసుకి పాత సినిమాలు తిరిగి తిరిగి వచ్చేవి. రీ-రిలీజ్ అనే మాట పుట్టకముందు సంగతి. మహామంత్రి తిమ్మరుసుని అలా మూడుసార్లు చూశారట. తర్వాత ఒక రైస్ మిల్లులో ఇరవయ్యేళ్ళు గుమాస్తాగా చేశారు. ఒక ఏడాది ధాన్యం లెక్కల్లో తేడా వచ్చింది. ఆయన్ని అనుమానించి, తాళాలు ఇచ్చి వెళ్ళమన్నారు. తేడా ఎక్కడుందో రెండు నెలలకి దొరికింది. కబురు పెట్టారు. నాన్న వెళ్ళలేదు. ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎత్తరు. టీవీలో తిమ్మరుసు సినిమా వస్తే మాత్రం చివరి అరగంట ముందు లేచి అరుగు మీదకి వెళ్ళిపోతారు.

ఆదిత్య 369 చూసొచ్చిన రాత్రి అన్నాలు తింటూ మా అమ్మాయికి తిమ్మరుసు గురించి చెప్పింది ఆయనే. అప్పాజీ అని రాయలు ఎంత ప్రేమగా పిలిచేవాడో, తర్వాత ఏం జరిగిందో. పిల్ల తినడం ఆపేసింది.

“మరి టైమ్ మెషీన్ ఉందిగా తాతయ్యా. ఆ తాత తప్పు చెయ్యలేదని వెళ్ళి రాజుగారికి చెప్పొచ్చుగా?”

“చెప్తే వింటాడా తల్లీ. చెప్పేవాళ్ళు అప్పుడూ ఉన్నారు” అన్నారు నాన్న.

అమ్మ ఆ మాట అక్కడితో ఆగనివ్వలేదు. “రాయలంటే ఇదొక్కటేనా? మా శ్రీకాకుళం వచ్చినాయన గురించి కూడా చెప్పండి దానికి” అంది. అమ్మ పుట్టిల్లు ఘంటసాల వైపు. ఆవిడ రాయలు సినిమాలోంచి రాలేదు, గుళ్ళోంచి వచ్చాడు.

ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్రలోది కాదు. కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న ఊరు, ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న చోటు. కళింగ దండయాత్రలో ఉండగా విజయవాడలో కొన్నాళ్ళు గడిపి ఇక్కడికి వచ్చినట్టు, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నట్టు రాయలే ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. తెలుగు సభల్లో బ్యానర్ల మీద రాసే ఆ పద్యం పుట్టింది ఈ ఊరి కలలోనే.

ఆ రాయలు మా జిల్లాకి యాత్రికుడిగా రాలేదు, యుద్ధానికి వచ్చాడు. అప్పటికి ఈ ప్రాంతమంతా ఒరిస్సా గజపతులది. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు, తర్వాత కొండపల్లి పట్టుకుని సింహాచలం దాకా పోయాడు. చివరికి సంధి కుదిరింది, గజపతి కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు, కృష్ణకి ఉత్తరాన గెలిచినదంతా తిరిగి ఇచ్చేశాడు. అంటే కాలయంత్రం దారి తప్పి 1526లో బెజవాడలో దిగుంటే, కృష్ణకుమార్‌కి కనిపించేది రాయల రాజ్యం అయ్యుండేది కాదు. ఏటి అవతలి ఒడ్డున మొదలయ్యేది అది. మన రాయలు, మన రాయలు అని ఇంతగా అనుకునే ఊళ్ళు ఆయన కింద ఉన్నది ఎంతకాలమని చూస్తే మహా అయితే కొన్నేళ్ళు. కలకన్నది ఒక రాత్రి. ఆ ఒక్క రాత్రే అయిదొందల ఏళ్ళు నిలిచింది.

రెండో ప్రయాణం, 2504, గురించి త్వరగా చెప్పేస్తాను, సినిమాలో కూడా అది గతమంత గాఢంగా ఉండదు. అణుయుద్ధం తర్వాతి లోకం, భూమి పైన రేడియేషన్, మనుషులు భూగర్భంలో. ప్రచ్ఛన్నయుద్ధ కాలపు భయమే అది. చిత్రమేమిటంటే, సినిమా విడుదలైన ఆరు రోజులకి, జులై 24న, పి.వి. నరసింహారావు ప్రభుత్వంలో మన్మోహన్ సింగ్ ఆ బడ్జెట్ ప్రవేశపెట్టారు. విజయవాడ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, అక్కడినుంచి హైదరాబాదు, అమెరికా, నాలాంటి ఒక తరం మొత్తం ఆ మలుపు తర్వాతదే. 513 ఏళ్ళ అవతల ఏముందో ఊహించిన సినిమాకి వచ్చే వారం ఏముందో తెలియదు. తెలియాలనీ లేదు. మా అమ్మాయికైతే 2504 కంటే 1991 ఎక్కువ వింతగా కనిపించింది. తీగ ఉన్న ఫోన్లో మాట్లాడుతూ జనం ఒకే చోట ఎందుకు నిలబడతారని అడిగింది.

ఈ సినిమాకి వెనకా ముందూ ఉన్న చుట్టరికం కూడా ఇక్కడే కలపాలి. సింగీతం పని నేర్చుకున్నది కె.వి. రెడ్డి దగ్గర, ‘మాయాబజార్’కి (1957) సహాయకుడిగా. అందులో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనవాళ్ళు వాళ్ళకి కనిపిస్తారు. అది సైన్సు కాదు, ద్వాపరయుగం. కానీ యంత్రం ఎవరికి ఏం చూపిస్తుందన్నది చూసేవాళ్ళ మనసుని బట్టి ఉంటుందనే ఊహ అక్కడే ఉంది. అరవై ఏళ్ళు దాటాక, 2020లో, నాగ్ అశ్విన్ తియ్యబోయే సినిమాకి సింగీతం మార్గదర్శకుడిగా ఉంటారని వైజయంతీ వాళ్ళు ప్రకటించారు. అది 2024లో ‘కల్కి 2898 ఏడీ’గా వచ్చింది. క్రీస్తుపూర్వం 3102 నుంచి ఆరువేల ఏళ్ళు లెక్కేసి పెట్టిన పేరు. భవిష్యత్తుకి వెళ్ళాలన్నా మనవాళ్ళు కురుక్షేత్రం దగ్గర బండెక్కాల్సిందే.

కాబట్టి మన వరసలో భాగాలకి నంబర్లు లేవు. 1956, 1962, 1991 సినిమాలని ఒకదాని తర్వాత ఒకటి చూస్తే ఒకే రాజు, ఒకే మంత్రి, మారుతున్న తరాలు కనిపిస్తాయి. ఒక తరం ఆ మంత్రికి జరిగిన అన్యాయాన్ని చెప్పింది. తర్వాతి తరం దాన్ని పక్కనపెట్టి ఆయన్ని మళ్ళీ కొలువులో, గౌరవంగా, చూపు ఉన్న మనిషిగా కూచోబెట్టింది. కాలయంత్రంతో ఎవరైనా చేయాలనుకునే పని అదే. మా అమ్మాయి అడిగిన సహాయం సినిమా ముందే చేసిపెట్టింది. కాకపోతే ఎవరికీ చెప్పలేదు, అందుకని పిల్లకి అది సహాయమని తెలియలేదు.

ఆ సంగతి పిల్లలకి తెలియాలంటే 1962 భాగం కూడా చూపించాలి. 1991 మాత్రమే చూసిన పిల్లకి తిమ్మరుసు తెల్లగడ్డం ముసలాయన, అంతే. 1962 మాత్రమే చూసినవాళ్ళకి రాయలు ఎప్పటికీ ఆలస్యంగా తెలుసుకున్న రాజు. రెండూ చూసినవాళ్ళకే ఆ కొలువులో నిండుగా కూచున్న మంత్రి విలువ తెలుస్తుంది. మా ఇంట్లో వచ్చే ఆదివారం మహామంత్రి తిమ్మరుసు పెడుతున్నాం. చివరి అరగంట కూడా కూచుంటానని నాన్న మనవరాలికి మాటిచ్చారు.