మంజీర ఒడ్డున తంగేడు

బీదర్ దాటి మంజీర తెలంగాణలో అడుగుపెట్టే మనూర్, నారాయణఖేడ్ ప్రాంతంలో నల్లరేగడి పత్తికి, కందికి పోగా మొరం దిబ్బలు, బాటల పక్క బీళ్లు తంగేడుకు మిగిలాయి. 1956 వరకు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లో చేరి, 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చింది.

తంగేడు పువ్వులో మకరందం ఉండదు. పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల్లోంచే బయటికి రావాలి. తుమ్మెద పువ్వును కరచుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే తప్ప అది రాలదు.

ఒకప్పుడు ఈ చెట్టు విలువంతా బెరడుదే. తోళ్లు పదును చేసే ఊరి లందలో తోలును సంచిలా కుట్టి, తంగేడు చెక్క నానిన నీళ్లు నింపి, కొయ్యకు వేలాడదీసేవారు. నీరు కారే కొద్దీ మళ్లీ పోసేవారు. మోట బొక్కెన, చెప్పు, డప్పు వెనక ఉన్న మాదిగల ఈ విద్యకు చరిత్రలో దక్కిన చోటు చాలా తక్కువ. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల బూట్ల కోసం మద్రాసు తోళ్లకు గిరాకీ పెరిగి, తంగేడు చెక్కకూ పెరిగింది. తర్వాత దక్షిణాఫ్రికా వాటిల్ బెరడు, క్రోమ్ పద్ధతి దాన్ని పక్కకు నెట్టాయి.

మందుగా మాత్రం నిలిచింది. పుల్లతో పళ్లు తోముకోవడం, బెరడు కషాయంతో నోటిపూతకు పుక్కిలించడం, బెణుకులకు ఆకు నూరి కట్టడం పల్లెల్లో తెలిసినవే. మధుమేహానికి సిద్ధవైద్యం పూలను వాడుతుంది. ఎలుకలపై జరిపిన ప్రయోగాల్లో పూల సారం రక్తంలో చక్కెరను తగ్గించింది. అంతమాత్రాన వైద్యులిచ్చిన మందులు మానేసి పూల కషాయాన్నే నమ్ముకోవడం ప్రమాదం.

పెంచడం కష్టం కాదు. గింజ పైపొర గట్టిది కనుక మరిగించి దించిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తొలకరికి నాటాలి. నీరు నిలిచే చోటు పనికిరాదు. వేళ్లూనాక నీళ్లు పోయనక్కర్లేదు, పశువులూ పెద్దగా మేయవు. రెండు మూడేళ్లకు పూతకొస్తుంది. కొమ్మలు వరిమడిలో తొక్కితే పచ్చిరొట్ట ఎరువు.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. తంగేడు లేని బతుకమ్మను ఊహించలేం. అయినా దాన్ని నాటేవారు అరుదు. బీళ్లు దున్నేకొద్దీ, ప్లాట్లు వేసేకొద్దీ పొదలు పోతున్నాయి. పండక్కి కొమ్మలు విరవకుండా పూలగుత్తులే కోయాలి. చలికాలంలో ఎండిన కాయలు ఏరి దాచి, వచ్చే జూన్‌లో ప్రతి రైతూ తన గట్టున నాలుగు గింజలైనా వేయాలి.