రణభూమి యాత్రలో రాత్రి బస

ఎన్నూరు దగ్గర సముద్రంలో కలిసే కొసస్తలై నది 1780లో ఒక సైన్యం తలరాత మార్చింది. గుంటూరు సీమ నుంచి దిగివచ్చిన ఇంగ్లీషు కర్నల్ బెయిలీ దళం ఆగస్టు 25న ఆ నదిని చేరింది. ఏట్లో నీళ్లు తక్కువే. అయినా ఆ సాయంత్రం దాటకుండా ఉత్తరపు ఒడ్డునే గుడారాలు వేసుకున్నారు. రాత్రికి రాత్రే వరద పొంగింది. సెప్టెంబరు వచ్చేదాకా అవతలికి పోలేకపోయారు. కాంచీపురంలో ఉన్న ఇంగ్లీషు సేనాని మన్రో సైన్యాన్ని కలుసుకోకముందే, సెప్టెంబరు 10న పుల్లలూరు పొలాల్లో మైసూరు హైదరు, టిప్పుల సేనలు ఆ దళాన్ని తుడిచిపెట్టాయి.

మజిలీ ఎక్కడన్నది సైనికుడికి ప్రాణం. యుద్ధస్థలాలు చూడబోయేవారికి అది చూపు. ఎక్కడ దిగామన్నదాన్ని బట్టే ఏం అర్థమవుతుందన్నది ఉంటుంది.

ఈ తీరం పొడుగునా అలాంటి స్థలాలే. పులికాట్‌లో డచ్చివారి కోట 1613 నాటిది. 1746లో ఫ్రెంచివారు మద్రాసులోని సెయింట్ జార్జి కోటను పట్టుకున్నారు. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మళ్లీ ముట్టడించి, 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు నౌకలు రాగానే వెనుదిరిగాడు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను తగలబెట్టింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డ రోజుల్లో మద్రాసు జనం ఊళ్ల దారి పట్టారు. 1943 అక్టోబరులో మద్రాసు మీదా బాంబులు పడ్డాయి.

బసను పట్టించుకుని రాసిన యాత్రికుడు మనకు ఉన్నాడు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీలో సత్రం ఉందా, నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏం దొరుకుతుందని రాసిపెట్టాడు. తర్వాత వెళ్లేవాళ్లు ఇబ్బంది పడకూడదన్న ఆ శ్రద్ధే ఈనాటికీ మేలైన కొలత.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత బెల్జియంలోని ఈప్రె పట్టణానికి చనిపోయినవారి బంధువులు తరలివెళ్లారు. అక్కడి మెనిన్ గేటు కింద 1928 నుంచి సాయంత్రం ఎనిమిదింటికి బూరాలు ఊది నివాళి ఇస్తున్నారు. పొద్దున వచ్చి మధ్యాహ్నం తిరిగిపోయేవారికి అది దక్కదు. పక్కనే పోపరింగెలో 1915లో సైనికుల విశ్రాంతి కోసం తెరిచిన టాల్బట్ హౌస్‌లో ఇప్పటికీ అతిథులకు గదులు ఇస్తారు.

మన దగ్గర ఎలా? ఎన్నూరులో ఒకప్పుడు దొరల విహారపు బంగళాలు ఉండేవి. ఇప్పుడు అక్కడ ఉన్నవి రేవులు, కర్మాగారాలు. 2023 డిసెంబరులో చమురు తెట్టు అక్కడి క్రీక్‌నిండా పేరుకుని జాలర్ల బతుకుల్ని దెబ్బతీసింది. అక్కడికి పగటిపూట వెళ్లండి, బస మాత్రం మద్రాసు జార్జిటౌన్‌లో చూసుకోండి. ఎండెన్ గుర్తుగా పెట్టిన ఫలకం హైకోర్టు ప్రహరీ దగ్గర ఉంది, కోట, విజయ స్మారకం చేరువలోనే. ఎండెన్ కాల్పులు మొదలైంది రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. ఆ వేళకు ఆ ఫలకం దగ్గర నిలబడితే సముద్రం ఎంత దగ్గరో, ఊరు ఎంత బట్టబయలుగా ఉండిందో తెలుస్తుంది. బీచ్ స్టేషన్ నుంచి లోకల్ రైల్లో సెయింట్ థామస్ మౌంట్‌లో దిగితే నందంబాక్కం యుద్ధ శ్మశానం దగ్గరే. 850కి పైగా సమాధులు అక్కడ ఉన్నాయి. పులికాట్‌కు పొన్నేరి దాకా రైలు, అక్కణ్ణించి బస్సు.

పుల్లలూరుకూ, 1760లో ఫ్రెంచివారి ఆశలు అడుగంటిన వందవాసికీ మద్రాసు నుంచి పరుగులు పెట్టవద్దు. కాంచీపురంలో రెండు రాత్రులు ఉండండి. పుల్లలూరులో నిలిచిన స్తంభాలు ఇంగ్లీషు అధికారుల జ్ఞాపకానికి. వాళ్ల పక్కనే నేలకొరిగిన మన సిపాయిల పేర్లు ఆ రాళ్ల మీద లేవు. ఆ లోటు తెలియాలంటే స్తంభం ముందు ఫొటో దిగి కారెక్కితే చాలదు. ఆ పొలాల మధ్య నడవాలి, ఊరివాళ్లతో మాట్లాడాలి, వాళ్ల హోటల్లో భోంచేయాలి. అందుకు తీరిక దొరికే చోట గది తీసుకోవడమే చనిపోయినవారికి మనం ఇచ్చే మొదటి మర్యాద.