వడలూరి పొయ్యి

మహాత్ముల చరిత్రలు వ్రాసేవారు మహిమలకు ఇచ్చినంత చోటు వంటింటికి ఇవ్వరు. నీటితో దీపం వెలిగించిన కథ తరతరాలు చెప్పుకుంటారు. ఆ దీపం ప్రక్కనే ఎవరి ఆకలి తీరిందో అడిగేవారు తక్కువ. తమిళదేశపు రామలింగస్వామి విషయంలోనూ ఇదే జరిగింది. వళ్ళలార్, అనగా మహాదాత, అని లోకం పిలిచే ఈయన కట్టించిన ఒక పొయ్యి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ ప్రయత్నం.

రామలింగం 1823 అక్టోబరు 5న చిదంబరం సమీపాన మరుదూరులో జన్మించారు. పసితనంలోనే తండ్రి పోగా, కుటుంబం చెన్నపట్నం చేరింది. అన్న సభాపతి పురాణ ప్రవచనాలతో ఇల్లు నడిపేవాడు. తమ్మునికి బడిచదువు అబ్బలేదు. కందకోట్టం గుడిలో మురుగన్ సన్నిధి ఆయనకు బడి అయింది. పాటలు తమంత తామే వచ్చాయి. అప్పటి చెన్నపట్నం తెలుగువారి నగరం కూడా. బ్రౌన్ దొర వేమన పద్యాలను, తెలుగు నిఘంటువును అచ్చు వేయించిన కాలంలోనే, అదే ఊరిలో, ఈ యువకుడు తిరువొత్తియూరు గుడికి నడచిపోతూ ఉండేవాడు.

1858లో ఆయన పట్నం విడిచి దక్షిణానికి వెళ్ళారు. వడలూరు దగ్గర కరుంగుళి గ్రామంలో వేంకటరెడ్డియార్ అనే గృహస్థు ఇంట చాలా ఏండ్లు ఉన్నారు. తమిళదేశంలో రెడ్డియార్లు తెలుగు మూలాలు గలవారన్నది మనకు తెలిసినదే. నీటిదీపం కథ జరిగినట్లు చెప్పేది ఈ ఇంటిలోనే. 1865లో ఆయన సమరస సన్మార్గ సంఘాన్ని నెలకొల్పారు. కులమత భేదాలు లేని ఆరాధన, జీవకారుణ్యం దాని మూలసూత్రాలు.

మరుసటి సంవత్సరం, 1866లో, ఒరిస్సా మొదలు గంజాం వరకు కరువు ప్రజలను కబళించింది. మద్రాసు రాజధానిలోని ఇతర జిల్లాలలోనూ ధరలు మండిపోయాయి. ఆ మరుసటి ఏడు, ప్రభవ నామ సంవత్సరంలో, 1867 మే 23న వడలూరులో సత్యధర్మశాల ఆరంభమైంది. ఊరివారు సుమారు 80 కాణుల భూమిని ఇచ్చారు. మన లెక్కలో నూరెకరాలు దాటుతుంది. ఆనాడు రాజేసిన పొయ్యి నేటికీ ఆరలేదు. వచ్చినవారికి అన్నం పెట్టడం నేటికీ ఆగలేదు.

అన్నసత్రాలు మన దేశానికి కొత్తవా అని అడగవచ్చు. కొత్తవి కావు. రాజులు, జమీందారులు, వర్తకులు ఎన్నో సత్రాలు కట్టించారు. అయితే వాటిలో చాలాచోట్ల వచ్చినవాని కులమడిగిన తరువాతనే విస్తరి పడేది. వడలూరులో ఆ ప్రశ్న లేదు. దేశం, మతం, కులం, నడవడి, వీటిలో దేనినీ విచారించకుండా ఆకలిగొన్నవానికి పెట్టవలెనన్నది ఆయన విధించిన నియమం. ఆకలే అక్కడ అర్హత.

ఈ నియమం వెనుక కేవలం మెత్తని మనసు మాత్రమే కాక, కట్టుదిట్టమైన ఆలోచన ఒకటి ఉంది. జీవకారుణ్యంపై ఆయన వ్రాసిన వచన గ్రంథంలో జీవులకు కలిగే బాధలను ఏడుగా లెక్కించారు: ఆకలి, దప్పిక, రోగం, కోరిక, పేదరికం, భయం, హత్య. వీటిలో ఆకలిని, హత్యను వేరుచేసి, ఈ రెంటినీ తొలగించడమే ఉత్తమమైన కారుణ్యమన్నారు. తక్కినవాటిని తీర్చడం రెండవ మెట్టు. ఆకలితో శరీరం ఎలా సడలుతుందో, బుద్ధి ఎలా తడబడుతుందో వైద్యుడు వ్రాసినట్లుగా వర్ణించారు. ఆకలిని దగ్గరనుండి చూడనివారు అలా వ్రాయలేరు.

అప్పటి సమాజంలో ఆయన ఎదుర్కొనవలసి వచ్చిన పెద్ద ప్రశ్న మరొకటి. ఆకలి పూర్వజన్మ పాపఫలమైతే, దానిని తీర్చడం దైవశాసనానికి అడ్డుపడడం కాదా? ధర్మం చేయని పిసినారికి ఇంతకంటె మంచి సాకు దొరకదు. రామలింగస్వామి కర్మసిద్ధాంతాన్ని కాదనకుండానే దీనికి జవాబిచ్చారు. రాజు నేరస్థుని చెరలో పెట్టినా, తన సేవకుల చేతనే అతనికి అన్నం పెట్టిస్తాడు గదా! శిక్ష వేరు, పస్తు వేరు. కాబట్టి ఆకలి తీర్చేవాడు శాసనాన్ని ధిక్కరించడం లేదు, ఏలినవాని మనసెరిగి నడుస్తున్నాడు. వాదనలో ఎదుటివాని ఆయుధాన్నే తీసుకున్న నేర్పు ఇది.

మాంసాహారం విషయంలో ఆయన పట్టుదల గట్టిది. చంపడాన్ని, మాంసభక్షణను మానినవారే తన మార్గానికి లోపలివారన్నారు. తక్కినవారిని వెలుపలి బంధువులుగా ఎంచారు. అయినా వారు ఆకలితో వస్తే అన్నం పెట్టవలసిందేనన్నారు. తన సిద్ధాంతాన్ని ఒప్పుకోనివానికి కూడా విస్తరి వేయమన్న సిద్ధాంతకర్తలు ఎందరుంటారు?

ఆయన పాటల తొలి సంపుటం 'తిరువరుట్పా' 1867లోనే అచ్చయింది. ఆ పాటలకు దివ్యకృప పేరు తగదంటూ యాళ్పాణపు పండితుడు ఆరుముగ నావలర్ చేసిన వివాదం 1869లో న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఇక స్వామి అన్న బిరుదును ఆయనే ఇష్టపడలేదు. అది ఆడంబరమని శిష్యునికి జాబు వ్రాశారు. కాషాయం ధరించలేదు, తెల్లని వస్త్రమే కట్టారు. 1872లో వడలూరులోనే జ్యోతి ఆరాధనకు సత్యజ్ఞానసభ నిర్మించారు. ధర్మశాల వెలసిన అయిదేండ్లకు గాని సభ రాలేదు. ఈ వరుసను గమనించాలి. ముందు అన్నం, తరువాత జ్యోతి.

1874 జనవరి 30న మేట్టుకుప్పంలో ఒక గదిలోకి వెళ్ళి, బయట తాళం వేయించుకున్నారు. ఆ తరువాత ఆయనను చూసినవారు లేరు. 1878 నాటి దక్షిణార్కాడు జిల్లా మాన్యువల్ సైతం ఈ ఉదంతాన్ని ప్రస్తావించింది. జ్యోతిలో కలిసిపోయారని భక్తుల విశ్వాసం. చరిత్రకారుడు అక్కడ మౌనం వహించడమే మర్యాద.

ఆయన అదృశ్యమైన రెండేండ్లకు ధాత కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలలో మన పూర్వులు లక్షలుగా రాలిపోయారు. 1877లో ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి సహాయపు పనులలోని కూలికి రోజుకు పౌను ధాన్యం, కొద్దిపాటి రొక్కం చాలునని నిర్ణయించాడు. మన లెక్కలో అది అరకిలో కంటె తక్కువ. దానితో కష్టపడే మనిషి బ్రతకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. నిజంగా ఆకలిగా ఉందా, ఊరికే వచ్చాడా అని మనిషిని పరీక్షించే పద్ధతి అది. పదేండ్ల క్రితమే ఆ రాజధానిలోనే ఒక చిన్న ఊరిలో పరీక్ష లేని పొయ్యి వెలిగింది. రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే కారుణ్యమన్నది పాలనాపద్ధతి కూడా అని తెలుస్తుంది.

మన గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు ఇంచుమించు ఆ కాలంలోనే వేళ కాని వేళ వచ్చినవారికి వండిపెట్టారు. ఆమె గ్రంథం వ్రాయలేదు, సంఘం పెట్టలేదు. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉండకపోవచ్చు. ఆకలికి భాష లేదు గనుక పరిచయం అక్కరలేకపోయింది.

2021లో తమిళనాడు ప్రభుత్వం వళ్ళలార్ జన్మదినాన్ని కారుణ్యదినంగా ప్రకటించింది. 2024లో వడలూరు మైదానంలో అంతర్జాతీయ కేంద్రానికి శంకుస్థాపన జరుగగా, తమ పెద్దలు దానమిచ్చిన నేల ఖాళీగానే ఉండాలని ఊరివారు కొందరు ఎదిరించారు. స్మారకం ఎలా ఉండాలన్న తగవు తీరడం తేలిక కాదు. ఒక్క మాట మాత్రం చెప్పవచ్చు: ఆయన స్మారకాన్ని ఆయనే కట్టి వెళ్ళారు. ప్రతిదినం దానికి కావలసింది కట్టెలు, బియ్యం, వండే చేతులు.